దాణాలో పీచు పెంచితే పందులకు విటమిన్లు తగ్గుతాయా, పెరుగుతాయా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. చూడి పందుల దాణాలో గోధుమ పొట్టు బాగా పెంచారు. వంద కిలోల తయారు దాణాకి ముప్పై కిలోల పొట్టు కలుపుతున్నారు. మలబద్ధకం పోయింది, పందులు నెమ్మదించాయి, ఊచలు కొరకడం తగ్గింది. కానీ నాలుగైదు నెలలకి కొన్నిటికి గిట్టలు పగులుతున్నాయి, వెంట్రుకలు పలచబడుతున్నాయి. ఒకరేమో "పీచు తింటే పేగులో సూక్ష్మజీవులే విటమిన్లు తయారు చేస్తాయి, ప్రీమిక్స్ (దాణాలో కలిపే విటమిన్ల పొడి) సగానికి తగ్గించుకోండి" అన్నారు. ఇంకొకరు "పీచు విటమిన్లన్నిటినీ ఊడ్చుకుపోతుంది, ప్రీమిక్స్ రెట్టింపు చేయండి" అన్నారు. ఎవరి మాట వినాలి అని అడిగారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. కానీ ఏ విటమిన్, పేగులో ఏ చోట అన్నది ఇద్దరూ చూడలేదు. పీచు వల్ల విటమిన్లకి ఏమవుతుందన్నది మూడు చోట్ల తేలుతుంది: దాణా బస్తాలో, చిన్న పేగులో, పెద్ద పేగులో. మీ పందుల విషయంలో నష్టంలో పెద్ద వాటా బస్తాలోనే, అంటే మేత నోటిదాకా రాకముందే జరిగిపోయిందని నాకు గట్టిగా అనిపిస్తోంది. అందుకే అక్కడినుంచే మొదలుపెడతాను.

లెక్క చూడండి. వంద కిలోల దాణాలో ఉన్న ప్రీమిక్స్ ఇప్పుడు 130 కిలోల్లో పరుచుకుంది. అంటే కిలోకి అందే ప్రీమిక్స్ విటమిన్లు దాదాపు 23 శాతం తగ్గాయి. అమెరికా జాతీయ పరిశోధన మండలి 2012 పట్టికల్లో తల్లి పందికి కిలో దాణాలో బయోటిన్ (గిట్టలకి, చర్మానికి కావలసిన బి విటమిన్) 0.2 మిల్లీగ్రాములు, ఫోలిక్ ఆమ్లం 1.3 మిల్లీగ్రాములు, విటమిన్ ఇ 44 యూనిట్లు ఉండాలని చెప్పారు. మీ దాణా సరిగ్గా ఆ మట్టానికే కలిపి ఉంటే, పొట్టు చేరాక బయోటిన్ 0.15కి, విటమిన్ ఇ 34కి దిగిపోతాయి. రోజుకి 2.2 కిలోలు తినే పందికి ముందు 0.44 మిల్లీగ్రాముల బయోటిన్ అందేది. ఇప్పుడు అదే బరువు పెడితే 0.34 అందుతుంది. మళ్లీ ఆ 0.44 అందాలంటే రోజుకి దాదాపు 2.9 కిలోలు పెట్టాలి. పట్టికలన్నీ కిలోల్లో మాట్లాడతాయి గానీ, పంది ఒంటికి కావలసింది రోజుకి ఎంత అన్నదే. పీచు మార్చినప్పుడల్లా ఈ తేడా గుర్తుపెట్టుకోవాలి.

ఇంకో మాట అడుగుతాను. మీరు దాణా తూచి పెడుతున్నారా, డబ్బాతో కొలిచి పెడుతున్నారా? చాలా ఏళ్ల కిందట ఒక షెడ్డులో మీరు చెప్పిన లక్షణాలే చూడ్డానికి వెళ్లాను. రక్తం నమూనాలు తీద్దామన్న ఆలోచనలో ఉన్నాను. ఈలోగా మేత వేళయింది. పనివాళ్లు ఎప్పట్లాగే పందికో డబ్బా చొప్పున పోసుకుంటూ పోతున్నారు. అనుమానం వచ్చి ఆ డబ్బాని కాటా మీద పెట్టించాను. పాత దాణాతో నింపితే 2.2 కిలోలు తూగింది. పొట్టు కలిపిన దాణాతో అంచుదాకా నింపినా 1.7 దగ్గర ఆగింది. పొట్టు తేలిక, చోటు ఎక్కువ తీసుకుంటుంది. కిలోలో విటమిన్ తగ్గడం ఒకటి, కిలోలే తగ్గడం ఇంకొకటి. రెండూ కలిస్తే రోజుకి అందేది నలభై శాతం పడిపోయింది. ఆ రోజు రక్తం తీయాల్సిన పని లేకపోయింది.

"పొట్టులోనే బి విటమిన్లు పుష్కలంగా ఉంటాయి కదా, ఆ లోటు అదే పూడ్చదా?" అని మీకు అనిపించవచ్చు. కాగితం మీద అంకెలు చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. నియాసిన్ (బి3) సంగతే తీసుకోండి. గోధుమ పొట్టులో అది చాలా ఎక్కువ. కానీ గింజ పైపొరల్లో అది పీచు పదార్థాలతో బంధం వేసుకుని ఉంటుంది. పంది జీర్ణరసాలు ఆ బంధాన్ని విప్పలేవు. అందుకే దాణా లెక్కలు కట్టేవాళ్లు మొక్కజొన్న, గోధుమల్లోని నియాసిన్‌ని లేనట్టే లెక్కిస్తారు. పంది ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి కొంత నియాసిన్ చేసుకుంటుంది, అయితే ఆ ట్రిప్టోఫాన్ పెరుగుదల అవసరాలకి పోగా మిగలాలి.

బయోటిన్ దగ్గరికి వస్తే మీ గిట్టల సమస్యకి ఇది ఇంకా దగ్గరి విషయం. మొక్కజొన్నలో, సోయా చెక్కలో ఉండే బయోటిన్ బాగానే ఒంటబడుతుంది. గోధుమ, బార్లీల్లో ఉన్నది చాలా కొద్దిగానే ఒంటబడుతుంది. మీరు మొక్కజొన్న దాణాని గోధుమ పొట్టుతో పలచన చేశారంటే, ఒంటబడే బయోటిన్‌ని తగ్గించి ఒంటబడనిదాన్ని పెంచారన్నమాట. ల్యాబ్‌లో మొత్తం బయోటిన్ కొలిస్తే అంకె బాగానే కనిపిస్తుంది. పందికి దక్కేది వేరు. బి6 కూడా పొట్టులో కొంత చక్కెరతో అతుక్కుని ఉండి పూర్తిగా అందదు. థయామిన్ (బి1) మాత్రం పొట్టు నుంచి బాగానే దొరుకుతుంది, దాని గురించి టెన్షన్ అక్కర్లేదు. విటమిన్ సి పంది తన కాలేయంలో తానే తయారు చేసుకుంటుంది, దాన్ని ఈ చర్చలోంచి తీసేయండి.

ఇక చిన్న పేగు. "పీచు ఊడ్చుకుపోతుంది" అన్న మాట పుట్టింది ఇక్కడే. పీచు అని ఒకే పేరుతో పిలుస్తాం గానీ అందులో రకాలున్నాయి. చూడాలంటే రెండు గ్లాసుల్లో గోరువెచ్చని నీళ్లు తీసుకోండి. ఒకదాంట్లో గుప్పెడు గోధుమ పొట్టు, ఇంకోదాంట్లో గుప్పెడు ఓట్ల పిండి వేసి బాగా కలిపి కాసేపు వదిలేయండి. మొదటి గ్లాసులో పొట్టు ఉబ్బి అడుగుకి దిగుతుంది, పైన నీళ్లు నీళ్లలాగే పారతాయి. రెండోదాంట్లో వేలు ముంచి బొటనవేలితో రుద్దితే జారుగా, జిగురుగా తగులుతుంది. ఆ జిగురు బీటా గ్లూకాన్ అనే నీళ్లలో కరిగే పీచుది. పండ్ల గుజ్జులోని పెక్టిన్, రై ధాన్యంలోని అరబినోజైలాన్ కూడా ఇదే బాపతు.

ఎ, డి, ఇ, కె విటమిన్లు నీళ్లలో కరగవు. పైత్య లవణాలు, మేతలోని కొవ్వు కలిసి కట్టే అతి సన్నటి బిందువుల్లోకి ఎక్కితేనే అవి పేగు గోడని చేరగలవు. జిగురు పీచు ఎక్కువైతే ఆ బిందువుల కదలిక మందగిస్తుంది. పైత్య లవణాల్లో కొంత భాగాన్ని పీచు పట్టుకుని కిందికి లాక్కుపోతుంది కూడా. ఎలుకల్లో పెక్టిన్ ఎక్కువ పెట్టిన ప్రయోగాల్లో విటమిన్ ఇ నిల్వలు తగ్గాయి. మనుషుల్లో పెక్టిన్‌తో కలిపి బీటా కెరోటిన్ (ఒంట్లో విటమిన్ ఎగా మారే పదార్థం) ఇస్తే రక్తంలో అది పెరగాల్సినంత పెరగలేదు. విటమిన్ డి విషయంలో 1983లో వచ్చిన ఒక అధ్యయనం నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది. పీచు ఎక్కువ తిన్నవాళ్ల రక్తంలో 25 హైడ్రాక్సీ విటమిన్ డి (రక్తంలో తిరిగే విటమిన్ డి రూపం) మామూలు తిండి తిన్నవాళ్లకంటే త్వరగా తరిగిపోయింది. అంటే పీచు ప్రభావం కొత్తగా వచ్చే విటమిన్ మీదే కాదు, అప్పటికే ఒంట్లో ఉన్నదాని మీదా ఉండవచ్చు. ఎండ తగలని షెడ్డులో పెరిగే పందికి డి మొత్తం దాణా నుంచే రావాలి గనక ఈ సంగతి పట్టించుకోవాల్సిందే.

అయితే ఒక జాగ్రత్త. జిగురు పీచు వల్ల కొవ్వులో కరిగే విటమిన్లు దెబ్బతినడం కోళ్లలో బాగా బయటపడుతుంది. ఇంటర్నెట్‌లో కనిపించే హెచ్చరికల్లో చాలావాటికి మూలం కోళ్ల మీద చేసిన పనే. పంది పేగులో మేత ఎక్కువ నీళ్లతో పలచగా ఉంటుంది, జిగట అంతగా పేరుకోదు. కోళ్ల లెక్కలు తెచ్చి పందులకి అంటగట్టకండి. పైగా మీరు వాడేది గోధుమ పొట్టు. అందులో ఎక్కువ భాగం కరగని పీచు, అది మేతని కాస్త త్వరగా ముందుకి నెడుతుంది తప్ప జిగురు కట్టదు. మీ మోతాదుకి ఎ, డి, ఇ విటమిన్లు పేగులో పెద్దగా నష్టపోతాయని నేననుకోను. రేపు మీరు బార్లీ, రై వైపు వెళితే అప్పుడు ఆ జిగురు పీచుని విరగ్గొట్టే జైలనేజ్, బీటా గ్లూకనేజ్ ఎంజైముల గురించి ఆలోచించండి. అలాగే పీచు పెంచే తొందరలో దాణాలో కొవ్వు మరీ తగ్గిపోకుండా చూసుకోండి. కొవ్వు లేకపోతే ఆ బిందువులే సరిగ్గా ఏర్పడవు.

పీచు కోసం అల్ఫాల్ఫా (లూసర్న్ గడ్డి) పొడి వాడేవాళ్లు "పచ్చగా ఉంది, విటమిన్ ఎ కూడా వస్తుంది" అనుకుంటారు. పంది బీటా కెరోటిన్‌ని విటమిన్ ఎగా మార్చుకోవడంలో చాలా వెనకబడి ఉంటుంది. దాని విషయంలో 1 మిల్లీగ్రాము బీటా కెరోటిన్‌ని 267 యూనిట్ల విటమిన్ ఎగానే లెక్కిస్తారు, అదీ నిల్వలో కెరోటిన్ పాడవకుండా ఉంటేనే. పచ్చరంగుని నమ్ముకుని ప్రీమిక్స్‌లో విటమిన్ ఎ తగ్గించడం సరికాదు.

పేగు కంటే నన్ను ఎక్కువ భయపెట్టేది కంపుకొట్టిన తవుడు. మీరు ఇప్పుడు గోధుమ పొట్టు వాడుతున్నారు, కానీ ఎప్పుడైనా వరి తవుడుకి మారితే ఇది గుర్తుంచుకోండి. నూనె తీయని తవుడులో 12 నుంచి 18 శాతం దాకా నూనె ఉంటుంది. మర ఆడిన క్షణం నుంచే అందులోని ఎంజైమ్ ఆ నూనెని విరగ్గొట్టడం మొదలుపెడుతుంది. తాజా తవుడు ముక్కు దగ్గర పెట్టుకుంటే తియ్యటి వాసన వస్తుంది. పాడైనది ఘాటుగా, పాత నూనె కంపులా గొంతులో తగులుతుంది. అలాంటి తవుడు కలిస్తే బస్తాలో ఉండగానే విటమిన్ ఇ కొంత ఖర్చయిపోతుంది. ఆ చెడిన కొవ్వు ఒంట్లోకి వెళ్లాక దాన్ని తట్టుకోవడానికి ఇంకొంత విటమిన్ ఇ ఖర్చవుతుంది. అటునుంచీ ఇటునుంచీ నష్టమే. తల్లి దగ్గర విటమిన్ ఇ తగ్గితే పిల్లలకి ముర్రుపాలలో తగ్గుతుంది. పంది పిల్లలు పుట్టుకతోనే చాలా తక్కువ నిల్వతో పుడతాయి, ముర్రుపాలే వాటికి ఆధారం. బాగా ఎదుగుతున్న పిల్లలు పాలు మాన్పించాక ఉన్నట్టుండి గుండె ఆగి చనిపోవడం వెనక విటమిన్ ఇ, సెలీనియం లోటు ఉండే అవకాశం ఎక్కువ. ఆ సమస్యకి మందు పిల్లల దాణాతో పాటు తల్లి దాణాలోనూ వెతకాలి.

ఇప్పుడు పెద్ద పేగు. ప్రీమిక్స్ సగానికి తగ్గించమన్న పెద్దమనిషి మాటలో నిజం ఇక్కడుంది. పీచు పెద్ద పేగుకి చేరాక సూక్ష్మజీవులు దాన్ని పులియబెడతాయి. అసిటిక్, ప్రొపియోనిక్, బ్యుటిరిక్ ఆమ్లాలు వస్తాయి, పందికి కొంత శక్తి దొరుకుతుంది. ఎదిగిన తల్లి పందికి పెద్ద పేగు పెద్దది గనక దానికి ఈ లాభం ఎక్కువ. ఆ పనిలో భాగంగా సూక్ష్మజీవులు బయోటిన్, ఫోలేట్, బి12, విటమిన్ కె వంటివి తయారు చేయడం కూడా నిజమే. పీచు పెరిగితే ఆ సూక్ష్మజీవుల సంఖ్య పెరుగుతుంది, పెంటలో ఈ విటమిన్లూ పెరుగుతాయి. కానీ పెంటలో ఉన్నంతమాత్రాన పందికి అందినట్టు కాదు. అసలు మెలిక ఇదే.

తూము దాటిపోయాక కాలువలో వాన కురిస్తే పొలానికి నీళ్లు రావు. బి12 పరిస్థితి అచ్చం అంతే. దాన్ని ఒంట్లోకి తీసుకునే గ్రాహకాలు చిన్న పేగు చివరి భాగంలో ఉంటాయి. అదీ జీర్ణాశయం నుంచి వచ్చే ప్రత్యేక ప్రోటీన్ తోడుంటేనే. సూక్ష్మజీవులు బి12 తయారుచేసేది ఆ చోటు దాటాక. తయారైనదాంట్లోనూ కొంత అసలు బి12 కాదు, దాని పోలికలున్న పనికిరాని రూపాలు. ఎలుకల్లోనైతే పెక్టిన్ పెట్టినప్పుడు మలంలో పోయే బి12 పెరిగిందని చూశారు. గోధుమ పొట్టులోనూ, మొక్కజొన్నలోనూ, సోయాలోనూ బి12 ఉండదు. కాబట్టి ప్రీమిక్స్‌లో బి12 తగ్గించే ప్రశ్నే లేదు.

ఫోలేట్ విషయం కొంచెం మెరుగు. పంది పిల్లల్లో పెద్ద పేగు గోడ గుండా ఫోలేట్ ఒంట్లోకి చేరుతుందని 2005లో ప్రయోగంతో చూపించారు. సూక్ష్మజీవులు అక్కడే తయారుచేసిన ఫోలేట్ కూడా అలా అందింది. పీచు వల్ల నిజంగా లాభపడే విటమిన్ ఏదైనా ఉందంటే నేను ముందు దీని పేరే చెబుతాను. అయినా చూడి పందిలో పిండాలు నిలవడానికి ఫోలేట్ ఎంత కీలకమో తెలిసినవాళ్లెవరూ ఆ భారం సూక్ష్మజీవుల మీద వదిలేయరు. బయోటిన్‌ని లోపలికి పంపే ద్వారాలు పెద్ద పేగులో కూడా ఉన్నాయి. కానీ పందుల అంధనాళంలోకి (పెద్ద పేగు మొదట్లో ఉండే సంచిలోకి) బయోటిన్‌ని నేరుగా ఎక్కించి చూసినప్పుడు, అక్కడినుంచి ఒంటికి చేరింది తక్కువేనని తేలింది. దాని మీద ఆధారపడి గిట్టలు బాగుపడతాయని నేను చెప్పలేను.

విటమిన్ కె దగ్గర నేల సంగతి వస్తుంది. పంది తన పెంట తాను తింటే, పెద్ద పేగులో తయారైన విటమిన్లు రెండోసారి చిన్న పేగు గుండా వెళ్లి ఒంటబడతాయి. పాతకాలపు నిండు నేలల మీద, గడ్డి పరుపుల మీద పందులకి తెలియకుండానే ఈ దారిలో కె, బి12, బయోటిన్ అందేవి. సందులున్న నేల మీద పెంట కిందికి పడిపోతుంది, ఆ దారి మూసుకుపోతుంది. "మా నాన్నగారి కాలంలో పొట్టుతోనే పందులు బాగుండేవి" అని ఎవరైనా అంటే వాళ్లు అబద్ధం చెప్పడం లేదు, అప్పటి నేల వేరు. అలాగని ఇప్పుడు పెంట తిననివ్వమని నా సలహా కాదు, దాంతో పురుగులు, రోగాలు వస్తాయి. సల్ఫా మందులో, యాంటీబయోటిక్‌లో నడుస్తున్నప్పుడు ఆ సూక్ష్మజీవుల తయారీ కూడా పడిపోతుంది. అలాంటప్పుడు దాణాలో కె లేకపోతే పిల్లలకి బొడ్డు దగ్గర రక్తం ఆగకపోవడం వంటివి చూస్తాం.

మీరు ఫోటో పెట్టలేదు గనక ఒక సందేహం తీర్చుకోవాలి. చర్మం మందమై, పెచ్చులు కట్టి, పగుళ్లు కాళ్లమీదా పొట్టమీదా రెండువైపులా ఒకేలా ఉంటే అది బయోటిన్ లోటు కాకపోవచ్చు, జింక్ లోటు కావచ్చు. పొట్టులో ఫైటేట్ అనే పదార్థం చాలా ఎక్కువ, అది జింక్‌ని పట్టేస్తుంది. దాణాలో సున్నపురాయి పొడి ఎక్కువైతే మరీ ప్రమాదం. పందుల్లో ఈ చర్మవ్యాధి జింక్ ఇస్తే తగ్గుతుందని 1955లోనే చూపించారు. జింక్ తగ్గితే కాలేయంలో ఉన్న విటమిన్ ఎని రక్తంలోకి మోసే ప్రోటీన్ తయారీ కూడా కుంటుపడుతుంది. దాంతో విటమిన్ ఎ దండిగా పెడుతున్నా రక్తంలో తక్కువ కనిపిస్తుంది. కాబట్టి ఫైటేట్‌ని విరగ్గొట్టే ఫైటేజ్ ఎంజైమ్ వాడుతున్నారా, కాల్షియం ఎంత ఉంది అన్నవి కూడా రాయండి. తడి సిమెంటు నేల, గరుకు అంచులు కూడా గిట్టల్ని పగలగొడతాయి. అవి సరిచేయకుండా ఎంత బయోటిన్ పోసినా ఫలితం అంతంతమాత్రమే.

మీ స్థానంలో నేనుంటే పొట్టు తీసేయను. చూడి పందికి అది చేసే మేలు నిజమైనది. కానీ తయారు దాణాలో పొట్టు కలపడం ఆపి, పొట్టుతో కలిపి మొత్తం దాణాకి ప్రీమిక్స్ లెక్కకట్టి వేస్తాను. డబ్బా పక్కనబెట్టి కాటా పెడతాను. ప్రీమిక్స్ అంతా రెట్టింపు చేయను. ఎ, డి విటమిన్లు ఒంట్లో పేరుకుంటాయి, పైగా విటమిన్ ఎ మరీ ఎక్కువైతే విటమిన్ ఇ ఒంటబట్టడం తగ్గుతుంది, బాగుచేయబోయి ఇంకోచోట చెడగొట్టినట్టవుతుంది. బయోటిన్ ఒక్కదాన్నే కిలో దాణాకి 0.3 మిల్లీగ్రాముల దాకా తీసుకెళతాను. ప్రీమిక్స్ సంచి మీద తయారీ తేదీ చూస్తాను. కోలిన్ క్లోరైడు, రాగి, ఇనుము విటమిన్లతో ఒకే సంచిలో ఉంటే, అందులోనూ తేమ తగిలితే, కె, ఎ త్వరగా చచ్చుబడతాయి. అలాంటి కలగలుపు ప్రీమిక్స్‌ని మూడు నెలలకి మించి ఉంచను. రక్తపరీక్షకి డబ్బు పెట్టగలిగితే విటమిన్ ఇ చూపించండి, అది ఈమధ్య తిన్నదాన్ని బాగానే చెబుతుంది. విటమిన్ ఎ కోసం రక్తం తీయించకండి. కాలేయంలో నిల్వ అడుగంటేదాకా రక్తంలో అంకె మామూలుగానే ఉంటుంది.

గిట్టలు వారంలో మారవు. ఇప్పుడున్న పగుళ్లు మానడం కాదు, కొత్త గిట్ట పైనుంచి పెరిగి కిందికి దిగాలి. దానికి నెలలు పడుతుంది. దాణా మార్చిన రోజున నాలుగైదు పందులు పడుకుని ఉన్నప్పుడు వెనక కాలి బయటి గిట్ట కడిగి, వెంట్రుకలు మొదలయ్యే చోటుకి సరిగ్గా కింద గిట్ట మీద సన్నటి గీత గీయండి, లోతుగా వద్దు. ఫోటో తీసి తేదీ రాసుకోండి. నెలకోసారి చూడండి. ఆ గీతకి పైన వచ్చిన భాగం నున్నగా, పగుళ్లు లేకుండా ఉంటే మీ దాణా దారిలో పడినట్టే. అక్కడ కూడా పగుళ్లు కనిపిస్తే ఆ ఫోటోలతో పాటు ప్రీమిక్స్ సంచి మీది పట్టిక, డబ్బా బరువు, నేల వివరాలు ఇక్కడ పెట్టండి, మళ్లీ చూద్దాం.